హుబ్లీ మీదుగా ఆఫ్రికా

సికింద్రాబాద్ స్టేషన్లో టికెట్ లేకుండా దొరికినవాళ్ళు మామూలుగా బతిమాలతారు, లేదంటే ఎవరో పెద్ద ఆఫీసరు పేరు చెప్తారు. ఇనాసిన్ సిద్ది చేతికి దొరికినవాళ్ళు మాత్రం ఇంగ్లీషు మాట్లాడేవారు. నల్లకోటు మీద అంతకన్నా నల్లటి గుండ్రటి మొహం, తలకు అతుక్కుని ఉంగరాలు తిరిగిన జుట్టు, మనిషికి తగ్గ భుజాలు చూసి ఈమె ఏ ఖండం నుంచో దిగిందని వాళ్ళే తేల్చేసుకునేవారు. "సిస్టర్, ఐ నో టికెట్, మై మదర్ వెరీ సీరియస్" అంటూ చేతులు తిప్పేవారు. ఆమె అంతా ఓపిగ్గా విని, "అమ్మకు సీరియస్ అయితే దవాఖానకు పోవాలె గద అన్నా, జేబుల సినిమా టికెట్లు ఎందుకున్నయ్?" అనేది. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు. జరిమానా కన్నా ఆ తెలుగే వాళ్ళకు పెద్ద దెబ్బ.

నిజానికి ఇనాసిన్ ఆఫ్రికా మొహం ఎన్నడూ చూడలేదు. ఆమెది పడమటి కనుమల్లో, ఎల్లాపూర్ దగ్గరి ఒక సిద్ది గూడెం. హుబ్లీలో రైలు దిగి, బస్సెక్కి, ఆ బస్సు కూడా పోలేని చోట దిగి అడవిలో నడవాలి. ఎప్పుడో ఆమె తాతల తాతలను పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చి గోవాలో అమ్మారు. వాళ్ళలో కొందరు దొరల ఇళ్ళలోంచి తప్పించుకుని, ఘాట్లెక్కి, ఎవరికీ దొరకనంత లోపలికి పోయి గుడిసెలు వేసుకున్నారు. ఎంత బాగా దాక్కున్నారంటే, ఆ తర్వాత వాళ్ళను ఎవరూ వెతకలేదు, చరిత్ర పుస్తకాలు రాసేవాళ్ళతో సహా.

ఆమె చిన్నతనంలో ఒక్కసారి మాత్రం సర్కారువారికి ఆ గూడేలు గుర్తొచ్చాయి. వీళ్ళది ఆఫ్రికా రక్తం గదా, పరిగెత్తిస్తే పతకాలు రాలతాయని ఎవరికో తోచింది. జీపుల్లో వచ్చి పిల్లల్ని ఏరుకుపోయి హాస్టళ్ళలో పెట్టారు. కొన్నేళ్ళకు ఆ తోచినాయనకు మరింకేదో తోచి, పథకం మూసేశారు. ఇనాసిన్‌కు పరుగంటే పరమ చిరాకు. ఆమె డిస్కస్ విసిరేది. విసిరిన డిస్కస్ వెళ్ళి రైల్వే స్పోర్ట్స్ కోటాలో పడింది. ఆ రోజుల్లో హుబ్లీ కూడా దక్షిణ మధ్య రైల్వేలోదే గనుక, తిప్పి తిప్పి సికింద్రాబాద్‌లో వేశారు. అలా టికెట్ కలెక్టరై, మల్కాజ్‌గిరిలో రిచర్డ్ గారింట్లో వెనక వాటా అద్దెకు తీసుకుంది.

రిచర్డ్ గారిది గుంటూరు వైపు. రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు, కార్ఖానా బస్తీలోని వాళ్ళ చర్చికి సెక్రటరీ. ఇనాసిన్ అనే పేరు ఆయన నోట పట్టలేదు. మొదటి రోజే "ఇన్నాసమ్మ" చేసేశాడు. భార్య మేబెల్ బళ్ళో లెక్కల టీచరు. ఆవిడ మాటలు తక్కువ, శేషం మిగలకుండా భాగించినట్టు ఉంటాయి.

ఒక శనివారం సాయంత్రం ఇనాసిన్ డ్యూటీ దిగి వచ్చి చేపలు కడుగుతుంటే, రిచర్డ్ గారు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కరపత్రాల కట్ట. వెనకాల మేబెల్, చేతులు కట్టుకుని.

"ఇన్నాసమ్మా, నువ్వే గట్టెక్కించాలి తల్లీ," అన్నాడాయన.

"ఏమైంది అంకుల్?"

ఆయన ఒక కరపత్రం ఆమె ముందు పెట్టాడు. రేపు ఉదయం చర్చిలో మిషన్ పండుగ. 'ఆఫ్రికా దేశస్థురాలగు సహోదరి విచ్చేసి తన సాక్ష్యమును పంచుకొనును' అని పెద్ద అక్షరాల్లో ఉంది. యూనివర్సిటీలో చదువుకునే టాంజానియా అమ్మాయిని పిలిచారట. ఆ పిల్లకు పొద్దున చికెన్ పాక్స్ పోసింది. కరపత్రాలేమో కాప్రా నుంచి బోయినపల్లి దాకా పంచేశారు. పక్క చర్చీల వాళ్ళు కూడా వస్తున్నారు.

ఇనాసిన్‌కు సంగతి అర్థమైంది. అయినా ఆయన నోటితోనే చెప్పనిద్దామని ఊరుకుంది.

"నువ్వొచ్చి స్టేజీ మీద కూర్చుంటే చాలు," అన్నాడు రిచర్డ్ గారు. "రెండు మాటలు మాట్లాడితే ఇంకా మంచిది."

"నేను ఆర్సీ, రోమన్ కాథలిక్ గద అంకుల్. మీ చర్చిల నన్నెట్ల కూసోబెడ్తరు?"

"ఆఫ్రికాలో ఆర్సీలు లేరా ఏంటి?"

"ఆదివారం పూట ఆ పిల్ల చేత అబద్ధమాడిస్తారా?" అంది మేబెల్.

"అబద్ధమెక్కడుందే ఇందులో? ఈ అమ్మాయి వాళ్ళది ఆఫ్రికానా కాదా? అవును. ఎప్పుడొచ్చారు అనేది వేరే లెక్క. వెయ్యేళ్ళు దేవుని దృష్టికి ఒక్క దినం లాంటివని మనమే గదా చదువుతాం. ఆ లెక్కన ఈమె ఇవాళ పొద్దున వచ్చినట్టే."

మేబెల్ ఆ లెక్కను కూడా లెక్కల టీచరుగానే విని, పెదవి విరిచింది.

ఇనాసిన్‌కు కోపం రావాలి. కొంచెం వచ్చింది కూడా. కానీ కోపం కన్నా ముందు ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి ఆమెను "మీదే దేశం?" అని అడగనివాళ్ళు లేరు. ఆటోవాళ్ళు, కూరగాయలవాళ్ళు, ఆఖరికి టికెట్ లేనివాళ్ళు కూడా. జవాబు చెప్పడం మొదలుపెడితే మాత్రం, 'మాది హుబ్లీ దగ్గర' అనే సరికి వాళ్ళ మొహంలో ఒక నిరాశ కనబడేది. టపాసు పేలకుండా తుస్సుమన్నట్టు. ఆ తర్వాత ఎవరూ వినేవారు కాదు. ఇప్పుడేమో మైకు ఇస్తామంటున్నారు. హాలు నిండా జనం, ఎవరూ లేచిపోకుండా వింటారట.

"వస్త అంకుల్," అంది. "గని నేను టాంజానియా అనను. అబద్ధం ఒక్కటి గూడ చెప్ప. నా మాటల్ల నేను చెప్త. తెలుగుల ఏం చెప్తరో అది మీ ఇష్టం."

రిచర్డ్ గారి మొహం వెలిగిపోయింది. "నీ మాట అంటే?"

"ఇంట్ల కొంకణి. బడిల కన్నడ. కన్నడలైతే సాఫ్ వస్తది నాకు."

"బ్రహ్మాండం! కన్నడం మా చర్చిలో ఒక్కడికి రాదు. నేను అనువాదకుడిగా పక్కన నిలబడతాను. ఏం చెప్పాలో నా దగ్గర రాసుంది."

మేబెల్ ఇనాసిన్ వైపు చూసింది. ఇనాసిన్ చేప తల కోస్తూ చాలా అమాయకంగా మొహం పెట్టింది.

మర్నాడు రిచర్డ్ గారు పూల పరదా గుడ్డతో కుట్టించినట్టున్న ఒక గౌను ఎక్కడో సంపాదించి తెచ్చాడు. తలకు చుట్టుకోవడానికి అదే గుడ్డ ముక్క. ఇనాసిన్ దాన్ని చూసి, మడిచి ఆయనకే ఇచ్చేసింది. పెట్టెలోంచి వాళ్ళ అజ్జి, అంటే అవ్వ, ఇచ్చిన ఎర్రగళ్ళ చీర తీసి, గూడెంలో కట్టినట్టే భుజం మీద ముడివేసి కట్టుకుంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అచ్చం ఆఫ్రికానే!" అన్నాడు. అది ఎల్లాపూర్ సంతలో కొన్న చీర అని ఆమె చెప్పలేదు. అడగలేదు గదా.

చర్చి కిటకిటలాడుతోంది. పాస్టరు యేసురాజు అయ్యగారు మెత్తటి మనిషి. టాంజానియా అమ్మాయికి జబ్బు చేసిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇనాసిన్ రాగానే రెండు చేతులూ జోడించి, "వెల్కమ్, వెల్కమ్ టు అవర్ హంబుల్ చర్చ్," అన్నాడు. ఆమె నవ్వి చేతులు జోడించింది. మొదటి వరసలో స్త్రీల సమాజం అధ్యక్షురాలు రోసమ్మ గారు, తెల్లచీర, చేతిలో విసనకర్ర, ఒక్క మాట కూడా జారిపోకూడదన్నట్టు ముందుకు వంగి కూర్చుంది. కోయిర్‌లో పాడే సుబ్బరాజు మాత్రం ఇనాసిన్‌ను చూడగానే పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పోయిన నెల లోకల్ బండిలో టికెట్ లేకుండా దొరికింది ఆయనే. ఈమె టాంజానియా కాదని ఆ హాల్లో రిచర్డ్ దంపతులు కాక తెలిసిన మనిషి ఆయనొక్కడే. చెప్పాలంటే ఎలా తెలుసో చెప్పాలి. అందుకని అల్టో పాడే ఆడవాళ్ళ వెనక్కి జరిగి కూర్చున్నాడు.

పాటలయ్యాయి. ప్రార్థనైంది. ఇనాసిన్ మైకు ముందుకొచ్చింది. పక్కనే రిచర్డ్ గారు, కాగితాలతో.

"ఎల్లరిగూ నమస్కార," అంది ఆమె. "నమ్మ ఊరు..."

ఆ మాట నోట్లో ఉండగానే రోసమ్మ గారు పక్కావిడ మోచేయి పట్టుకుంది. "విన్నావా? ఊరు అంది! ఆఫ్రికాలో కూడా ఊరును ఊరే అంటారే!"

హాలంతా గుసగుసలు. రిచర్డ్ గారి నుదుటి మీద చెమట బొట్టొకటి పుట్టింది. కన్నడం ఇంత దగ్గరి చుట్టమని ఆయన అనుకోలేదు. కానీ సెక్రటరీ పని చేసి చేసి రాటుదేలిన మనిషి.

"బాబెలు గోపురము కట్టక మునుపు లోకమంతా ఒక్కటే భాష గదా ప్రియులారా!" అన్నాడు గొంతు పెంచి. "ఆనాటి ముక్కలు అక్కడక్కడా ఇంకా మిగిలే ఉన్నవి."

"ఆమేన్!" అంది రోసమ్మ గారు.

ఇనాసిన్‌కు నవ్వొచ్చింది. దాన్ని మింగి, చెప్పడం మొదలుపెట్టింది. తమ గూడెం గురించి చెప్పింది. వానాకాలం వస్తే నెలల తరబడి సూర్యుడు కనబడని అడవి గురించి, తేనె తీసేటప్పుడు పాడే పాట గురించి చెప్పింది. రిచర్డ్ గారు కాగితం చూసి, "మా ఖండములో చీకటి కమ్ముకొని యుండగా, కార్ఖానా సంఘస్థుల ప్రార్థనల వలన వెలుగు ఉదయించెను," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

అలా కొంతసేపు సాగింది. ఆయన కాగితం అయిపోయింది గానీ ఆమె కథ అవలేదు. అప్పుడే ఆమె వాళ్ళ అజ్జి సంగతి ఎత్తుకుంది. పనసపళ్ళు పండే రోజుల్లో ఒకనాడు పెరట్లోకి ఎలుగుబంటి వచ్చింది. దాన్ని చూసి తాత పనసచెట్టు ఎక్కేశాడు. అజ్జి మాత్రం ఊడుస్తున్న చీపురు తీసుకుని దాని మూతి మీద బాదింది. ఎలుగుబంటి బిత్తరపోయి అడవిలోకి పరిగెత్తింది. అది కనుమరుగయ్యాక తాత నిమ్మళంగా దిగొచ్చి, నేను పైనుంచి గుడ్లురిమి చూసేసరికే అది హడలిపోయిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఈ కథ చెప్పేటప్పుడు ఇనాసిన్ చేతులు ఊరుకోవు. చీపురు ఊపింది. చెట్టు పైకి చూపించింది. కిందికి దించింది.

కాగితం లేని రిచర్డ్ గారికి ఇక ఆ చేతులే దిక్కు.

"మా అవ్వగారు అపవాదియగు సాతానుతో పోరాడి తరిమివేసిరి," అన్నాడు. ఆమె చెయ్యి పైకి పోవడం చూసి, "అది చూచి మా తాతగారు ఆకాశమునకు ఎత్తబడిరి!" అన్నాడు.

"స్తోత్రం!" అంది రోసమ్మ గారు, కళ్ళు తుడుచుకుంటూ.

చెయ్యి కిందికి దిగింది. ఆయన కాస్త తటపటాయించాడు. "...మరల దిగివచ్చిరి."

"దిగొచ్చారా?" అంది రోసమ్మ గారు, తుడుచుకోవడం ఆపి.

సరిగ్గా అప్పుడు హాలు వెనక తలుపు దగ్గర ఎవరో పగలబడి నవ్వారు. ఆడగొంతు. ఆపుకుందామని ప్రయత్నించి, ఆపుకోలేక, తలుపుకు ఆనుకుని మరీ నవ్వుతోంది. అందరూ వెనక్కి తిరిగారు. కార్ఖానాలోనే బర్రెలు పెట్టుకుని పాడి నడిపే కమలాబాయి. పండుగ భోజనాలకు పెరుగు తెచ్చి, బిందెలు దింపి, తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆమె పుట్టిల్లు రాయచూరు.

"ఏంది కమలాబాయీ ఇది? దేవుని మందిరంలో!" అన్నాడొక పెద్దాయన.

"తప్పైందయ్యా, ఆగుతలేదు," అంది కమలాబాయి కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "ఆ సారు ఏందేందో చెప్తున్నడు. తాత ఆకాశానికి పోలే సారూ, పనసచెట్టెక్కిండు! ముసల్ది గుడ్డెలుగును చీపురుతోని కొట్టిందంట. ఈ మొగోడు చెట్టు మీద కూసోని తమాషా జూసిండంట!" మళ్ళీ నవ్వు. "అచ్చం మా ఆయన లెక్కనే ఉన్నడు."

తలలన్నీ కమలాబాయి నుంచి రిచర్డ్ గారి వైపు తిరిగాయి.

"నీకు ఆఫ్రికా భాష ఎట్లొచ్చు?" అన్నారెవరో.

"ఆఫ్రికా ఏంది? కన్నడం గిది. మా అమ్మగారింట్ల మాట్లాడేదే. హుబ్లీ దిక్కు యాస ఉన్నది, అంతే."

రిచర్డ్ గారు గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయాడు గానీ బాబెలు గోపురం కూడా ఇక ఆదుకునేలా లేదు. యేసురాజు అయ్యగారు లేచి వచ్చాడు. ఆయన ఎవరినీ తిట్టలేదు. "రిచర్డూ, నువ్వెళ్ళి కూర్చో నాయనా," అన్నాడు. తర్వాత ఇనాసిన్ వైపు తిరిగి, చాలాసేపు ఆలోచించి, తెలుగులో అడిగాడు: "అమ్మా, నీకు తెలుగు వచ్చా?"

"వచ్చు అయ్యగారూ."

"వస్తుంది! బ్రహ్మాండంగా వస్తుంది!" అని కోయిర్‌లోంచి అరిచాడు సుబ్బరాజు, ఇంతసేపూ బిగబట్టిన నిజం నోరు జారిపోయి. ఆయన భార్య వెంటనే తిరిగింది. "మీకెట్లా తెలుసు?" సుబ్బరాజు మళ్ళీ పాటల పుస్తకం తెరిచాడు. అది తలకిందులుగా ఉంది.

ఇనాసిన్‌కు అప్పుడు సిగ్గేసింది. ఆ జనమంతా తనకోసం పనులు మానుకుని వచ్చారు. తను లోపల్లోపల నవ్వుకుంటూ నిలబడింది. "అయ్యగారూ, నేను అబద్ధం చెప్పలే," అంది మెల్లగా. "గని చెప్పనిచ్చిన. అది గూడ తప్పే. మాది ఎల్లాపూర్ దగ్గర అడవి. నా పేరు ఇనాసిన్ సిద్ది. ఇక్కడ స్టేషన్ల పని చేస్త. మావోళ్ళు ఆఫ్రికా నుంచి వచ్చిన్రు గని, ఏ ఊరు నుంచి వచ్చిన్రో మాకే తెల్వదు. నేను పోత."

"ఎక్కడికి పోతావమ్మా?" అన్నాడు అయ్యగారు. "కరపత్రంలో ఏముంది? సహోదరి వచ్చి సాక్ష్యం చెప్పును అని. సహోదరి వచ్చింది. సాక్ష్యమే ఇంకా మాకు అందలేదు."

ఆమె మైకు దగ్గర నిలబడి తెలుగులో మొదలుపెట్టబోయింది. మాటలు రాలేదు. టికెట్లు అడిగే తెలుగు, కూరగాయలు బేరమాడే తెలుగు ఉన్నాయి గానీ, అజ్జి చెప్పిన కథలకు సరిపడే తెలుగు ఆమె దగ్గర లేదు. అది కనిపెట్టి కమలాబాయి చెప్పులు విడిచి, నడవ మధ్యలోంచి నేరుగా స్టేజీ దాకా వచ్చేసింది.

"నువ్వు నీ మాటల్నే చెప్పు బిడ్డా. నేను చెప్త వీళ్ళకు."

ఇక ఆ అనువాదం ఎలా సాగిందంటే, ఇనాసిన్ ఒక వాక్యం చెబితే కమలాబాయి రెండు చెప్పేది. ఒకటి ఇనాసిన్‌ది, ఒకటి తనది. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో మనుషుల్ని గొర్రెల్లా కుక్కి తెచ్చారని ఇనాసిన్ చెప్పింది. కమలాబాయి అది చెప్పి, "వాళ్ళ నోట్ల మన్ను పడ," అని కలిపింది. గూడెంలో ఒక అన్న క్రైస్తవుడు, ఒక తమ్ముడు హిందువు, చెల్లెల్ని చేసుకున్నవాడు తురక, అయినా అందరూ సిద్దిలేనని, ఒకే పెరట్లో అన్నం తింటారని ఇనాసిన్ చెప్పింది. కమలాబాయి అది చెప్పి, చుట్టూ ఉన్న వేర్వేరు చర్చీలవాళ్ళను ఒకసారి చూసి, "మీరేమో పక్క చర్చోళ్ళ ఇంట్ల పిల్లనియ్యరు," అంది. కొందరు దగ్గారు.

పెద్దల పండుగ గురించి చెప్పేటప్పుడు మాత్రం కమలాబాయి ఏమీ కలపలేదు. ఏటా ఒకరోజు చనిపోయినవాళ్ళను పిలిచి అన్నం పెడతారట. తెలిసినవాళ్ళను పేరుపెట్టి పిలుస్తారు. ఓడలో వచ్చినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. అందుకని అజ్జి గుమ్మం వైపు తిరిగి, "రండి, మీరూ రండి" అని మాత్రం అంటుందట. తర్వాత కాసేపు అందరూ ఊరుకుంటారట, వాళ్ళు లోపలికి రావడానికి వీలుగా.

ఆ హాల్లో కూడా అందరూ ఊరుకున్నారు. ఇంతమంది ఒక్కసారి ఇనాసిన్ మాట విని, తర్వాతి మాట కోసం చూడటం ఆమె జన్మలో అదే మొదలు.

రోసమ్మ గారు విసనకర్ర ఎత్తింది. "ఏం లేదమ్మా. ఆ ఎలుగుబంటి మళ్ళీ వచ్చిందా?"

"మళ్ళ ఏడాది వచ్చింది," అంది ఇనాసిన్ తెలుగులోనే. "తాత మళ్ళ చెట్టెక్కిండు."

ఇక నవ్వులే నవ్వులు. ప్రశ్నల మీద ప్రశ్నలు. సింహాలుంటాయా అని ఒకరు, లేవు, చిరుతలున్నాయి. బియ్యం తింటారా అని ఒకరు, మీకన్నా ఎక్కువే. వీసా కావాలా అని ఒకరు అడిగితే, "హుబ్లీ బండికి టికెట్ కావాలె. అది మాత్రం కచ్చితంగా కొనాలె," అంది. పాటల పుస్తకం వెనక సుబ్బరాజు ఇంకా చిన్నగా అయిపోయాడు.

చివర్లో ఒక పాట పాడమన్నారు. తమ గూడెంలో దమామి అనే డోలు ఉంటుందని, అది లేకుండా పాట రాదని ఇనాసిన్ అంది. చర్చిలో డోలక్ వాయించే ముసలి జకర్యా తన డోలక్ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె అరచేతులతో రెండుమూడు దెబ్బలు వేసి చూసుకుని, దరువు అందుకుంది. మొదట నెమ్మదిగా, తర్వాత ఆగకుండా. పిల్లలు కుర్చీలు దిగారు. రోసమ్మ గారి విసనకర్ర తాళం వేయసాగింది. మేబెల్ కాలు కూడా కదిలిందని తర్వాత చెప్పుకున్నారు గానీ ఆవిడ ఒప్పుకోలేదు. జకర్యా మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

పాట అయ్యాక ఆయన అడిగాడు: "బిడ్డా, ఈ దరువు నేను విన్న. నా వయసుల ఏసీ గార్డ్స్ దిక్కు పెండ్లిళ్ళల్ల బ్యాండు కొట్టెటోన్ని. అక్కడ మర్ఫా కొడ్తరు చూడు, గిట్లనే ఉంటది. నిజాం నవాబుకు గుర్రాల పటాలం ఉండె, ఆఫ్రికోళ్ళది. ఏసీ అంటే అదే, ఆఫ్రికన్ కావల్రీ. వాళ్ళ పిల్లలు ఇంకా ఆడనే ఉన్నరు. నీకు ఎరికేనా?"

ఇనాసిన్‌కు ఎరుక లేదు. నాలుగేళ్ళుగా ఆ బస్తీని ఆనుకునే ఉన్న మాసాబ్ ట్యాంక్ మీదుగా బస్సులో ఎన్నిసార్లు వెళ్ళిందో. నగరమంతా పెళ్ళి ఊరేగింపుల్లో ఆ మర్ఫాకు ఎగురుతుంటే చూసింది, తనూ ఎగిరింది. అది ఎవరు తెచ్చారని ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

భోజనాల దగ్గర రిచర్డ్ గారు ఒక స్తంభం చాటున నిలబడి తిన్నాడు. మేబెల్ ఆయన విస్తట్లో పెరుగు వేస్తూ, "ఇంటికి పదండి. మీకు నేను విడిగా అనువాదం చేస్తాను," అంది.

ఆ అనువాదం ఏమిటో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున్నే మాత్రం రిచర్డ్ గారు వెనక వాటా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డం కూడా గీసుకోలేదు.

"తప్పు చేశానమ్మా. నిన్ను బొమ్మలాగా కూర్చోబెడదామనుకున్నాను," అన్నాడు. "నాలుగేళ్ళు నా ఇంట్లో ఉన్నావు. మీ అవ్వ ఉందో లేదో కూడా ఎప్పుడూ అడగలేదు."

ఆయన మనసు వెంటనే తేలిక చేయాలని ఇనాసిన్‌కు అనిపించలేదు. "ఉన్నది అంకుల్," అంది చివరికి. "ఇప్పుడు గూడ చీపురు వదలదు." తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "గని తాతను ఆకాశానికి ఎత్తిన్రు చూడండ్రి, అది మాత్రం జబర్దస్త్ ఉండె. ఈసారి ఊరికి పోయినప్పుడు ఆయనకు చెప్త. మస్తు ఖుష్ అయితడు."

రిచర్డ్ గారు కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం జకర్యా ఆమెను ఏసీ గార్డ్స్‌కు తీసుకుపోయాడు. రిచర్డ్ గారు కూడా వస్తానని పట్టుబట్టి, మేబెల్‌ను స్కూటరు వెనక ఎక్కించుకుని వచ్చాడు. సందులో ఒక పాత ఇంటి ముందు మంచం వేసుకుని జైనబ్ బీ అనే ముసలావిడ వెల్లుల్లి ఒలుస్తోంది. ఇనాసిన్‌ను చూసి చెయ్యి ఆపింది. దగ్గరికి రమ్మని గడ్డం పట్టుకుని, మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరి పిల్ల?" అంది జకర్యాతో. "మన గల్లీ పిల్ల లెక్కనే ఉన్నది. నేను గుర్తువట్టలేదేంది?"

జకర్యా చెప్పాడు. ఆవిడ అంతా విని ముక్కు చిట్లించింది. "అడవిలనా? మా దాదా నవాబ్ సాబ్‌కు ఘోడే సవారు. వర్దీ, తల్వారు, పెద్ద షాన్ ఉండె. మీవోళ్ళు అడవిల ఏం చేస్తున్నరు?"

ఇనాసిన్‌కు చిర్రెత్తింది. "మీవోళ్ళు నౌకరీల కుదిరిన్రు దాదీ. మావోళ్ళు పారిపోయిన్రు."

జైనబ్ బీ ఒక్క క్షణం ఆమెను తేరిపార చూసింది. తర్వాత పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వి, మంచం మీద తన పక్కన చోటు చూపించింది. "హుషార్ మీవోళ్ళే. కూసో."

చాయ్ వచ్చింది. ఇంట్లోంచి కోడళ్ళు, మనవరాళ్ళు వచ్చారు. రిచర్డ్ గారు ఆ రోజు ఒక్క మాట కూడా అనువదించలేదు. బుద్ధిగా గోడవార కూర్చుని చాయ్ తాగాడు. ఎవరో లోపలి నుంచి మర్ఫా డోలు తెచ్చారు. ఇనాసిన్ తమ గూడెం దరువు వేసి చూపించింది. జకర్యా అందరి వైపూ గర్వంగా చూశాడు, నేను చెప్పలేదా అన్నట్టు.

"కాదు," అంది జైనబ్ బీ. "ఇది మాది కాదు. ఇది ఎద్దులబండి లెక్క పోతున్నది. మాది గుర్రం లెక్క పోతది." వెల్లుల్లి చేతులతోనే డోలు లాక్కుని వాయించింది. ఎనభై ఏళ్ళ వేళ్ళు, అయినా సందు చివరిదాకా వినబడేలా.

"అదే గద దాదీ! జెర తొందరగ కొట్టిన్రు, అంతే!"

"అదే ఎట్లయితది? చెవులున్నయా నీకు?"

సాయంత్రం డ్యూటీ ఉందని మేబెల్ గుర్తుచేసింది. ఇనాసిన్ లేచి చీర సర్దుకుంది. జైనబ్ బీ ఆమె కొంగు పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టి, డోలు ఒళ్ళోకి తోసింది.

"మళ్ళ కొట్టు. తప్పు కొడ్తున్నవ్."